ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఎవరిది?



ఈ సంవత్సరం సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి సాబ్ ఆదేశించారు. నేను ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలుగులో మాట్లాడటం పుట్టినప్పటి నుంచి ఉన్నదే గాని, రాయటం తక్కువ. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ముందు ఒక చిన్న సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. ఆ మధ్య జనగామ దాటినంక పెద్దరోడ్డు మీద బత్తాయిల లారీ ఒకటి బోల్తా పడింది. డ్రైవరు తలకు దెబ్బ తగిలి రోడ్డు పక్కన కూర్చున్నాడట. చుట్టుపక్కల జనం పరుగెత్తుకొచ్చారు. కొందరు అతనికి నీళ్ళిచ్చారు. చాలామంది మాత్రం సంచులు తెచ్చుకొని బత్తాయిలు ఏరుకున్నారు. మర్నాడు మా తరగతిలో ఒక పిల్లవాడు నాలుగు బత్తాయిలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎక్కడివి బిడ్డా అంటే చెప్పాడు. తప్పు గదా అన్నాను. వాడు భయపడలేదు. "సార్, లారీల నుంచి నేను తీయలేదు. రోడ్డు మీద పడ్డయి, ఏరుకున్న. దొంగతనం ఎట్లయితది?" అని అడిగాడు.

చిన్న పిల్లవాడి ప్రశ్న అని తీసిపారేయవచ్చు. కాని పడిపోయిన సొత్తు ఎవరిది అన్న ఈ ప్రశ్న మీద పెద్ద పెద్ద రాజులు చట్టాలు చేశారు. అప్పటి రోజుల్లో లారీలు లేవు, ఓడలు ఉండేవి. ఆ ప్రశ్నకు ఒక గొప్ప జవాబు మన ఓరుగల్లు గడ్డ నుంచే సముద్రం దాకా పోయింది. ఆ చరిత్ర మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లంగరు తెగితే ఏమవుతుంది?

మన జనగామకు, మహబూబాబాదుకు, భూపాలపల్లికి సముద్రం లేదు. మన పిల్లల్లో చాలామంది ఓడను బొమ్మలోనే చూశారు. అయినా ఓడకు సంబంధించిన మాటలు మన నోళ్ళల్లో రోజూ ఆడుతుంటాయి. లంగరు అన్నది ఫారసీ మాట. అది ఉర్దూలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. దర్గాల దగ్గర పేదలకు అన్నం పెట్టే చోటును కూడా లంగరు అనే అంటాం. మచిలీపట్నాన్ని బందరు అంటారు. బందర్ అంటే ఫారసీలో రేవు. తుఫాను అన్న మాట అరబ్బీ, ఫారసీ నుంచి వచ్చి తెలుగు ఇంటిమాట అయిపోయింది. అరబ్బు ఓడల్లో నక్షత్రాలు చూసి దారి చెప్పేవాణ్ణి ముఅల్లిం అనేవారు. పిల్లలకు చదువు చెప్పే పంతులును కూడా ముఅల్లిం అనే అంటారు. అందుచేత ఓడల గురించి రాసే హక్కు నాకు కొంచెం ఉన్నదని అనుకుంటున్నాను!

తూర్పు తీరంలో పాతకాలపు తెరచాప ఓడలకు ఒక పెద్ద కష్టం ఉండేది. ఇక్కడ ఒడ్డు చాలావరకు చదునైన ఇసుక. గాలికి చాటు ఇచ్చే కొండలు, లోతైన రేవులు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డు దాకా వస్తే ఇసుకలో కూరుకుపోతుంది. అందుకని చాలా రేవుల్లో ఓడను దూరంగా సముద్రంలోనే లంగరు వేసి నిలిపేవారు. సరుకును, మనుషులను చిన్న పడవల్లో చేరవేసేవారు. మసూలా పడవలని వాటికి పేరు. వాటి పలకలను ఇనుప మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అలల దెబ్బకు పడవ కొంచెం వంగుతుంది గాని విరగదు.

దూరంగా నిలిచిన ఆ పెద్ద ఓడకు ప్రాణమంతా లంగరు తాడులోనే ఉంటుంది. లంగరు కొక్కెం అడుగున మట్టిలో దిగబడి ఓడను పట్టి ఉంచుతుంది. గాలి పెరిగి అలలు లేచినప్పుడు ఓడ పైకి కిందికి ఎగిరెగిరి పడి తాడును గుంజుతుంది. అప్పుడు రెండింట్లో ఒకటి జరుగుతుంది. తాడు తెగుతుంది, లేదా కొక్కెం మట్టిని వదిలేసి ఈడ్చుకుంటూ వస్తుంది. గాలి ఒడ్డు వైపు వీస్తున్నదనుకోండి, తెరచాప ఓడకు ఎదురుగాలిలో నేరుగా వెనక్కి పోయే దారి లేదు. చుక్కాని పట్టినవాడు ఎంత నేర్పరి అయినా ఓడ ఒడ్డు మీదికే వస్తుంది. అడుగు ఇసుకకు తగిలి, పక్కకు ఒరిగి, అలల దెబ్బలకు పలక పలకా ఊడిపోతుంది. అందుకే తుఫాను వచ్చేటట్లుంటే అనుభవం ఉన్న నావికులు లంగరు తాడును తామే నరికి నడిసముద్రంలోకి పోయేవారు. తుఫానులో సముద్రం కంటే ఒడ్డే ఎక్కువ ప్రమాదం.

ఇక మనుషుల వంతు వస్తుంది. ఓడ ఒడ్డెక్కింది. సరుకు ఇసుక మీద చెల్లాచెదురుగా పడింది. యజమాని మునిగిపోయాడో, బతికి వణుకుతూ కూర్చున్నాడో. అప్పుడు ఆ సరుకు ఎవరిది? లోకంలో చాలా చోట్ల జవాబు ఒకటే. ఆ ఒడ్డు ఎవరిదో సరుకు వాళ్ళది. రాజు మనుషులు వచ్చి పట్టుకుపోయేవారు. మా తరగతి పిల్లవాడు అన్నదీ అదే గదా!

మోటుపల్లి రాతి స్తంభం

ఇప్పుడు మన ఊళ్ళ దగ్గరికి వద్దాం. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కోటగుళ్ళు, గణపసముద్రం చెరువు చాలామంది చూసే ఉంటారు. అవి కాకతీయ గణపతిదేవుని పేరుతో ముడిపడినవి. మహబూబాబాదు జిల్లా బయ్యారం చెరువు దగ్గర శాసనం వేయించిన మైలాంబ ఆ గణపతిదేవుని చెల్లెలు. పాకాల చెరువు, రామప్ప చెరువు కూడా ఆయన కాలంలోనివే. 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లు నుంచి ఏలిన రాజు ఆయన. చెరువుల రాజుగా ఆయన మనకు తెలుసు. సముద్రం గురించి ఆయన చేసిన పని మనలో ఎంతమందికి తెలుసు?

ఓరుగల్లుకు 250 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున మోటుపల్లి అనే గ్రామం ఉంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక రాతి స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో ఒక శాసనం చెక్కించాడు. సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ ఉంది. అభయ శాసనం అని దానికి పేరు. అన్ని దీవుల నుంచి, దేశాల నుంచి, పట్టణాల నుంచి వచ్చే వర్తకులకు భయం వద్దని చెప్పే శాసనం అది.

అందులోని విషయం నా మాటల్లో చెబుతాను. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, దెబ్బతిని, ఒడ్డుకు కొట్టుకొస్తే, వెనుకటి రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారు. మేము అట్లా చేయం. ప్రాణం కంటే ధనమే ఎక్కువని తలచి ఇంత అపాయానికి ఓర్చి సముద్రం దాటేవారి మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం.

సుంకం ఎంత? ఎగుమతికైనా, దిగుమతికైనా ముప్పయ్యో వంతు. అంటే నూటికి మూడు రూపాయల చిల్లర. శ్రీగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు ఇట్లా ఒక్కొక్క సరుకు పేరు పెట్టి లెక్కలు కూడా చెక్కించాడు. అధికారి ఎవడూ రేపు మాట మార్చి ఎక్కువ గుంజకుండా రాయి మీదనే రాయించాడన్నమాట.

ఇది దయ మాత్రమేనా, వ్యాపారం లెక్క కూడానా అని ఎవరైనా అడగవచ్చు. రెండూ ఉన్నాయి. ఒడ్డెక్కిన ఒక్క ఓడను దోచుకుంటే ఆ రోజుకు లాభమే. ఆ వార్త అరబ్బు దేశాల దాకా, చైనా దాకా పోతే మరుసటి సంవత్సరం రావలసిన ఓడలు ఇంకో రేవుకు పోతాయి. గణపతిదేవునికి ఈ లెక్క బాగా తెలుసు. మంచితనంలో లాభం కూడా ఉన్నంత మాత్రాన మంచితనం విలువ తగ్గిపోదు. దోచుకునే బలం చేతిలో ఉండి కూడా దోచుకోకపోవటమే ఇందులోని గొప్ప.

ఫలితం కూడా చరిత్రలో కనబడుతుంది. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత వెనిస్ యాత్రికుడు మార్కో పోలో తన గ్రంథంలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పిలిచాడు. మోటుపల్లి పేరే ఆయన నోట అట్లా మారింది. అక్కడి వజ్రాలను, సాలెగూడు లాంటి సన్నని బట్టలను, న్యాయంగా ఏలిన రాణిని మెచ్చుకున్నాడు. ఆ రాణి గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. మార్కో పోలో ఆమెను రాజు భార్య అని పొరబడ్డాడు గాని, ఆమె న్యాయం విషయంలో మాత్రం పొరబడలేదు.

అదే కాలంలో ఇంగ్లండులో కూడా ఈ ప్రశ్న లేచింది. 1275లో అక్కడ ఒక చట్టం చేశారు. ఓడలో నుంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే దాన్ని దిక్కులేని ఓడ అనరాదు, సరుకును ఏడాది మీద ఒక రోజు దాచి, యజమాని వచ్చి రుజువు చూపితే ఇచ్చేయాలి అని. మన మోటుపల్లి శాసనం దీనికి 30 ఏళ్ళు ముందుది.

కాలికట్ ఒడ్డున ఇబ్న్ బతూతా

ఓడ పోయినవాడి బాధ ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఇబ్న్ బతూతా కథ వినాలి. 1323లో ఓరుగల్లును గెలిచిన ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అనే పేరుతో సుల్తాను అయ్యాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టింది అప్పుడే. ఆ సుల్తాను మొరాకో దేశస్థుడైన ఇబ్న్ బతూతాను చైనా చక్రవర్తి దగ్గరికి రాయబారిగా పంపాడు. గుర్రాలు, బట్టలు, ఇంకా ఎన్నో కానుకలు ఇచ్చి పంపాడు.

1342 ప్రాంతంలో వాళ్ళు మలబారు తీరంలోని కాలికట్ చేరి, చైనా ఓడల కోసం మూడు నెలలు ఆగారు. కానుకలన్నీ పెద్ద ఓడకు ఎక్కించారు. అందులో తనకు సరైన గది దొరకలేదని ఇబ్న్ బతూతా తన సామాను, తన వాళ్ళను పక్కన ఉన్న కొంచెం చిన్న ఓడకు మార్చాడు. తాను మాత్రం జుమా నమాజు కోసం ఒడ్డునే ఆగాడు. ఆ నమాజే ఆయన ప్రాణం నిలిపింది. సముద్రం పొంగింది. కాలికట్‌లో కూడా లోతైన రేవు లేదు. పెద్ద ఓడ రాత్రి వేళ ఒడ్డుకు కొట్టుకొచ్చి ముక్కలైపోయింది. అందులో ఉన్నవాళ్ళు మునిగిపోయారు. ఆయనతో వచ్చిన రాయబారి జహీరుద్దీన్ శవం, కానుకల బాధ్యత చూసే సుంబుల్ శవం ఒడ్డున దొరికాయి. ఇబ్న్ బతూతాయే వాళ్ళకు జనాజా నమాజు చదివి ఖననం చేయించాడు. ఆ చిన్న ఓడ వాళ్ళు ఇది చూసి తెరచాప ఎత్తి వెళ్ళిపోయారు. ఆయన సొమ్ము, ఆయన మనుషులు దాంతోనే పోయారు. నిన్నటిదాకా సుల్తాను రాయబారి, ఈ రోజు చేతిలో పది దీనార్లు, పడుకునే ఒక తివాచీ. ఖాళీ చేతులతో ఢిల్లీకి పోతే సుల్తాను ఏమంటాడో అన్న భయంతో తిరిగి పోనేలేదు.

ఈ కథలో మనకు కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. మర్నాడు కాలికట్ రాజు సామూద్రి నడుముకు తెల్లబట్ట కట్టుకొని, కాళ్ళకు చెప్పులు లేకుండా, పైన గొడుగుతో స్వయంగా ఒడ్డుకు వచ్చాడు. కొట్టుకొచ్చిన సరుకు మీద జనం పడకుండా ఆయన భటులు కొట్టి తరిమారు. ఇబ్న్ బతూతా రాసిందేమంటే, మలబారులో మిగతా చోట్ల ఓడ పగిలితే దొరికిందంతా రాజు ఖజానాకు పోయేది, ఈ ఒక్క ఊళ్ళో మాత్రం యజమానులకే మిగిలేది, అందుకే ఆ ఊరు ఓడలతో కళకళలాడేది అని. మోటుపల్లి రాయి మీద ఉన్న న్యాయాన్ని, దాదాపు నూరేళ్ళ తర్వాత, ఇంకో తీరంలో ఒక ముస్లిం యాత్రికుడు కళ్ళారా చూసి మెచ్చుకున్నాడు. రాజు హిందువు, ఓడ చైనా వాళ్ళది, సొమ్ము ఢిల్లీ సుల్తానుది, సాక్షి మొరాకో వాడు. న్యాయానికి మతం, భాష అడ్డం రాలేదు.

న్యాయాన్ని మళ్ళీ మళ్ళీ చెక్కాలి

కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది. రాజ్యంతోపాటు రేవు కూడా చిన్నబోయింది. 1358లో కొండవీటి రెడ్డి రాజు అనపోతారెడ్డి మోటుపల్లికి వచ్చే వర్తకులకు మళ్ళీ అభయం ఇస్తూ, సుంకాలు తగ్గిస్తూ ఇంకో శాసనం వేయించవలసి వచ్చింది. గణపతిదేవుని శాసనం ఆ ఊళ్ళోనే ఉంది గదా, మళ్ళీ ఎందుకు? రాయి చెరిగిపోలేదు, కాని రాయికి వెనుక నిలబడే మనిషి లేకుండా పోయాడు. న్యాయం ఒకసారి చెక్కితే చాలదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు నేనున్నానని చెప్పాలి.

ఓడలు ఒడ్డెక్కటం మాత్రం ఆగలేదు. కాకినాడ దగ్గర కోరంగి అని పెద్ద రేవు ఉండేది. ఓడలు కట్టటానికి, బాగు చేయటానికి పేరున్న ఊరు. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారంటే ఆ రేవు నుంచి ఎందరు వెళ్ళారో ఊహించుకోవచ్చు. 1789 డిసెంబరులో అక్కడ మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి ఊరి మీదికి వచ్చాయి. లంగరు వేసి ఉన్న ఓడలు నేల మీదికి కొట్టుకొచ్చాయి. తేరుకున్న ఊరిని 1839 నవంబరులో ఇంకో తుఫాను ముంచింది. ఆ తర్వాత కోరంగి మునుపటిలా లేవలేకపోయింది. బందరులో 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో 30,000 మంది దాకా పోయారని అంచనా. కలకత్తాలో ఉంటూ ఈ బంగాళాఖాతం తుఫానులను లెక్కగట్టిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనే సైక్లోన్ అన్న మాటను పుట్టించాడు. పాము చుట్ట అన్న భావంతో గ్రీకు భాష నుంచి తీసి, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో వాడాడు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోవద్దు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు విశాఖపట్నం బయట లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి లంగరు ఈడ్చుకుంటూ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి వచ్చింది. ఇంజను ఉన్న ఇనుప ఓడ అది. అయినా గాలి ముందు ఆగలేదు. అదృష్టవశాత్తు సిబ్బంది అంతా క్షేమం. ఓడను చూడటానికి, ఫొటోలు దిగటానికి జనం తండోపతండాలుగా వచ్చారు.

నాలుగు బత్తాయిలు

ఇక మా పిల్లవాడి ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను.

ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం దాచను. అంతకు ముందు సాయంత్రం మా ఇంటికి కూడా ఒక సంచి బత్తాయిలు వచ్చాయి. పొరుగువాళ్ళు ప్రేమతో పంపారు. నేను అడగకుండానే ఒకటి వలిచి సగం తిన్నాను. మా అమ్మీ మాత్రం, "ఇవి ఎక్కడివి?" అని అడిగింది. చెప్పగానే సంచి ముడి వేసి పక్కన పెట్టింది. "పడ్డవాడి సొమ్ము అమానత్ బేటా. వాడు లేచిందాక మనం కాపలా కాయాలె, తినొద్దు" అన్నది. అమ్మీ బడికి పోలేదు. మోటుపల్లి పేరు ఆమెకు తెలియదు. కాని గణపతిదేవుడు రాయి మీద చెక్కించిన మాటనే ఆమె వంటింట్లో చెప్పింది.

మర్నాడు తరగతిలో ఈ ఓడల కథ మొత్తం పిల్లలకు చెప్పాను. చివరికి ఆ పిల్లవాణ్ణే అడిగాను. "నువ్వు ఇబ్న్ బతూతావు, ఒడ్డు మీద ఒక్కడివే నిలబడ్డావు, నీ సామాను అందరూ ఏరుకుంటున్నరు. పడ్డయి గదా, మావే అంటున్నరు. నీకు ఎట్లుంటది?" వాడు తల వంచుకున్నాడు. బడి వదిలినంక ఆ నాలుగు బత్తాయిలను, మా ఇంటి సంచిని తీసుకొని, వాడూ నేనూ ఆ డ్రైవరు ఉన్న దవాఖానకు పోయాం. అతడు ఉత్తరాది మనిషి. మా ఉర్దూ అతనికి అర్థమైంది. పండ్లు చూసి నవ్వి, ఒకటి వలిచి సగం పిల్లవాడి చేతిలో పెట్టాడు. ఈసారి ఆ సగం హక్కుగా వచ్చింది.

2016లో మన జిల్లాలు వేరువేరు అయినా, మనమందరం పాత ఓరుగల్లు వాళ్ళమే. సముద్రం లేని మన గడ్డ నుంచి సముద్రపు ఒడ్డుకు ఒక న్యాయం నడిచిపోయింది. పిల్లలను ఘనపురం కోటగుళ్ళకో, బయ్యారం చెరువుకో తీసుకుపోయిన రోజు తల్లిదండ్రులు ఈ ఒక్క ముక్క చెప్పాలని నా మనవి. లంగరు తెగటం ఎవరికైనా జరగవచ్చు. ఈ రోజు వాడి ఓడ, రేపు మన ఓడ. ఒడ్డు మీద నిలబడ్డవాడు చేతిలో సంచితో వచ్చాడా, నీళ్ళ చెంబుతో వచ్చాడా అన్నదే లెక్కలోకి వస్తుంది.